అనుసృజన – ప్రేక్షకుని నిరాశ: ‘సత్యహరిశ్చంద్ర’ ఆధారంగా ఒక పరిశీలన

తెలుగు పద్యనాటకాలలో బలిజేపల్లి లక్ష్మీకాంతకవి ‘సత్య హరిశ్చంద్రీయము’ (1912) పొందిన ప్రజాదరణ అసాధారణమైనది. ఆ నాటకాన్ని అచ్చులో చూడనివారు సైతం అందలి పద్యాలను కంఠస్థం చేసుకున్నారు. అదే ఇతివృత్తం కె.వి.రెడ్డి దర్శకత్వంలో, ఎన్.టి.రామారావు నాయకుడుగా 1965లో ‘సత్యహరిశ్చంద్ర’ చిత్రంగా వెలువడింది. పెండ్యాల సంగీతం, ఘంటసాల గాత్రం ఉన్నప్పటికీ ఆ చిత్రం ఆశించిన విజయాన్ని సాధించలేదు. దాని వ్యాపార కారణాల చర్చ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. నాటకాన్ని ప్రేమించిన ప్రేక్షకుడు చిత్రాన్ని చూసి నిరాశ చెందితే, ఆ నిరాశ కేవలం అభిరుచికి చెందినదా, లేక దానికి నైతికమైన ఆధారం ఉన్నదా అన్నది ఇక్కడి ప్రశ్న.

మూలానికి చిత్రం విధేయంగా లేదన్నది సాధారణంగా వినిపించే ఆక్షేపణ. అయితే ఆ మూలం ఏది? హరిశ్చంద్ర నాటకమనగానే స్మరణకు వచ్చే కాటిసీనులో ప్రసిద్ధమైన పద్యాలు గుఱ్ఱం జాషువ ‘శ్మశానవాటి’ ఖండికలోనివి. బలిజేపల్లి రచనలోనివి కావు. నటులు వాటిని రంగస్థలం మీదికి తెచ్చారు. ప్రేక్షకులు నాటకంలో భాగంగానే స్వీకరించారు. 1965 నాటి చిత్రం కూడా వాటిని గ్రహించింది. మార్పును ఇంత సహృదయంగా అంగీకరించిన ప్రేక్షకుడు చిత్రం మార్పు చేసిందన్న ఒక్క కారణంతో నిరాశ చెందాడనడం సమంజసం కాదు.

అతడు కోల్పోయినది పాఠాన్ని కాదు, సంబంధాన్ని. పద్యనాటక ప్రదర్శనలో ‘వన్స్‌మోర్’ అన్న కేక పద్యాన్ని మళ్లీ పాడించేది. రాగాలాపన నిడివిని సభ కూడా నిర్ణయించేది. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు నటులు హరిశ్చంద్ర పాత్రను పంచుకున్నా రసభంగమని ఎవరూ భావించలేదు. దుఃఖించే దేహం, పాడే కంఠం ఒక్కరివే కావడం వల్ల నటుని ఆయాసం కూడా అభినయంలో భాగమయ్యేది. చిత్రంలో ముఖం రామారావుది, గాత్రం ఘంటసాలది. పద్యం నిడివి ముందే నిర్ణీతం. వన్స్‌మోర్ అన్నా తెర వినదు.

దీనికొక బలమైన ప్రతివాదం ఉన్నది. అభినవగుప్తుడు పేర్కొన్న ఏడు రసవిఘ్నాలలో స్వీయ సుఖదుఃఖాలకు వశమైపోవడం ఒకటి. పాత ప్రదర్శనల మమకారంతో తెర ముందు కూర్చున్నవాడు తన స్మృతినే చూస్తున్నాడు తప్ప చిత్రాన్ని చూడడం లేదని అనవచ్చు. ఈ వాదంలో సత్యమున్నది. అయితే వాసన, అంటే పూర్వసంస్కారం, లేనివానికి రసాస్వాదం లేదని చెప్పినదీ ఆ సిద్ధాంతమే. స్మృతి ఆస్వాదానికి ఆటంకం కాగలదు. స్మృతి లేకుండా ఆస్వాదమే లేదు. కాబట్టి పోలిక తెచ్చినంత మాత్రాన ప్రేక్షకుడు దోషి కాడు. పోలికతోనే ఆగిపోయి, ఎదుట ఉన్నదానిని చూడ నిరాకరించినప్పుడే దోషి అవుతాడు.

చిత్రం బాధ్యత సైతం ఈ స్మృతి నుండే ఏర్పడుతుంది. సుప్రసిద్ధ నాటకం పేరును, పద్యాలను స్వీకరించిన చిత్రం దశాబ్దాలుగా పోగుపడిన అభిమానాన్ని అప్పుగా తీసుకుంటున్నది. ఆ అప్పును వేదిక మీది నాణెంతోనే తీర్చాలనడం అన్యాయం. వన్స్‌మోర్‌ను తెర ఇవ్వలేదు; కానీ వేదికకు దూరంగా కూర్చున్నవానికి కనిపించని కంటి చెమ్మను, పద్యం ముగిసిన తరువాతి నిశ్శబ్దాన్ని అది ఇవ్వగలదు. తనకు సాధ్యమైన ఆ సంపదను వినియోగించక, పద్యాలను మాత్రమే వరుసగా వినిపించిన అనుసృజన మూలానికి విధేయమైనప్పటికీ రుణగ్రస్తంగానే మిగులుతుంది.

హరిశ్చంద్రుని కథ కూడా రుణవిమోచన కథే. విశ్వామిత్రునికి ఇచ్చిన మాట కోసం అతడు రాజ్యాన్ని, ఆలుబిడ్డలను, చివరకు తననే కోల్పోయాడు; మాటను మాత్రం వదలలేదు. అనుసృజన విషయంలోనూ ఏమేమి వదిలిందన్న లెక్క చాలదు. ఏ మాట ఇచ్చి ప్రేక్షకుని పిలిచింది, దానిని నిలుపుకున్నదా అన్నది ప్రధానం. ఈ ప్రశ్న నుండి పుట్టిన నిరాశ విమర్శగా గౌరవించదగినది.