పేరు మారితే పాపం మారుతుందా?

హజ్రత్ ఆదం(అ)కు అల్లాహ్ సకల వస్తువుల పేర్లు నేర్పాడని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది (బఖరా: 31). దైవదూతలకు సైతం తెలియని ఆ జ్ఞానం మానవుని ఔన్నత్యానికి చిహ్నమయింది. అదే ఆదం(అ)ను మోసగించదలచుకున్న షైతాన్ ఏం చేశాడు? అల్లాహ్ దరిచేరవద్దన్న చెట్టును శాశ్వత జీవితాన్నిచ్చే చెట్టుగా పరిచయం చేశాడు (తాహా: 120). చెట్టు అదే, నిషేధమూ అదే. పేరు మాత్రం కొత్తది! మానవ చరిత్రలో తొలి మోసం ఒక పేరు మార్పుతో జరిగిందన్న సంగతి మనం మరువరాదు.

ఈ ఎత్తుగడ నేడు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మద్యం విషయంలోనే.

మన చుట్టూ వినిపించే మాటలు

గోల్కొండ సుల్తాన్ ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరును మోస్తున్న ఊరు మన ఇబ్రహీంపట్నం. నేడు సాగర్ రోడ్డు వెంబడి ఎన్నో ఇంజనీరింగ్ కాలేజీలు వెలిశాయి. అక్కడ చదువుకునే పిల్లలు, నగరంలో ఉద్యోగాలు చేసి రాత్రికి ఇల్లు చేరే యువకులు మన ఇళ్ళలో ఉన్నారు. చదువుతోపాటు, కొలువుతోపాటు కొన్ని ఇంగ్లీషు మాటలు కూడా వారి నాలుకల మీదికి వస్తున్నాయి.

గ్లాసులు తాకించి 'చీర్స్' అంటారు. సంతోషంగా ఉండమని దీవెన. బార్లలో ధర తగ్గించి పోసే సమయాన్ని 'హ్యాపీ అవర్' అంటారు. ఆ సంతోష ఘడియలోనే ఇంట్లో ఒక తల్లి తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. మంచుముక్కల మీద పోసిన మద్యాన్ని 'ఆన్ ద రాక్స్' అంటారు. ఓడ బండలకు కొట్టుకుని చిక్కుకున్నా, సంసారం బద్దలయ్యే స్థితికి వచ్చినా ఇంగ్లీషువారు వాడేది ఇదే మాట! బయలుదేరే ముందు తాగే చివరి గ్లాసు 'వన్ ఫర్ ద రోడ్', అంటే దారి కోసం ఒకటి. ఆ దారిలో ఎదురొచ్చేవాడికి కూడా పిల్లలుంటారు. అందుకే వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే వాహనం నడపడం మన దేశంలో నేరం. 2019 సవరణతో తొలిసారి దొరికినవారికే పదివేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ ఉన్నాయి.

ఇంగ్లీషును మాత్రమే నిందించి ఏం లాభం? మన తెలుగులో మద్యానికి 'మందు' అని పేరు పెట్టుకున్నాం. రోగాన్ని నయం చేసేదాని పేరును రోగాన్ని తెచ్చేదానికి అంటగట్టాం. తాగి రోడ్డు మీద పడిపోయినవారిని పత్రికలు ముద్దుగా 'మందుబాబులు' అంటాయి. హిందూ సోదరులు గుడిలో భక్తితో స్వీకరించే 'తీర్థం' కూడా ఈ ఎగతాళి నుంచి తప్పించుకోలేదు. 1980లలో ప్రభుత్వం సారాను ప్యాకెట్లలో నింపి 'వారుణి వాహిని' అనే అందమైన పేరుతో అమ్మించింది. నేటికీ మద్యం దుకాణాలకు లైసెన్సులిచ్చే శాఖ పేరులో 'మద్య నిషేధం' అన్న మాట ఉంది!

వీటన్నిటికంటే మన మనసును నొప్పించవలసిన మాట మరొకటుంది. అది 'దావత్'. అరబీ మూలం నుంచి వచ్చిన ఈ పదానికి ఆహ్వానం అని అర్థం. అల్లాహ్ వైపు పిలవడాన్ని కూడా మనం దావత్ అనే అంటాం. ఈనాడు తెలంగాణలో "దావత్ ఎప్పుడిస్తున్నావు?" అని ఎవరైనా అడిగితే, చాలాచోట్ల వారి మనసులో ఉన్నది ముక్క, చుక్క! దైవం వైపు పిలిచే పదం సీసా వైపు పిలిచే పదంగా మారిపోయింది.

దైవప్రవక్త(స) ముందే హెచ్చరించారు

తన అనుచర సమాజంలో కొందరు మద్యానికి వేరే పేరు పెట్టుకుని తాగుతారని దైవప్రవక్త(స) పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే హెచ్చరించారు (అబూదావూద్, ఇబ్నెమాజా). తారిఖ్ బిన్ సువైద్(రజి) అనే సహాబీ తాను మద్యాన్ని ఔషధం కోసం తయారుచేస్తానని విన్నవించుకోగా, అది ఔషధం కాదని, అదే ఒక రోగమని ఆయన స్పష్టం చేశారు (ముస్లిం). 'మందు' అన్న మన పిలుపుకు ఇంతకంటే సూటి జవాబు ఏముంటుంది?

నేటి వైద్యశాస్త్రం కూడా ఇదే చెబుతోంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యపానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి హాని చేయని మోతాదు అంటూ మద్యంలో లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఖుర్ఆన్ మద్యానికి వాడిన పదాన్ని గమనించండి. 'ఖమ్ర్' అనే పదానికి కప్పివేయడం అనే అర్థంతో సంబంధం ఉంది. స్త్రీలు తలను కప్పుకునే 'ఖిమార్' కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. బుద్ధిని కప్పివేసేదే ఖమ్ర్ అని హజ్రత్ ఉమర్(రజి) మింబరు మీది నుంచి వివరించారు (బుఖారీ). చూశారా, ఆ పేరులోనే హెచ్చరిక ఉంది. 'చీర్స్' అన్నప్పుడు గుర్తుకురాని నిజం 'ఖమ్ర్' అన్నప్పుడు గుర్తుకొస్తుంది.

నిషేధం వెలువడిన రోజున హజ్రత్ అనస్(రజి) అబూ తల్హా(రజి) ఇంట్లో అతిథులకు మద్యం పోస్తున్నారు. అది ఖర్జూరంతో చేసినది. "ఖమ్ర్ అంటే ద్రాక్షసారా కదా, మాది ఖర్జూరంది" అని వారు పేరును అడ్డం పెట్టుకోలేదు. చాటింపు వినగానే పారబోశారు. మదీనా వీధుల్లో మద్యం పారింది.

"మాటలే కదా!" అనేవారికి

"మాటల్లో ఏముంది? మేం తాగడం లేదు కదా!" అని కొందరు యువకులు అడుగుతారు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయకూడదు. శీతల పానీయం చేతబట్టి ఒక మాట అన్నంత మాత్రాన ఎవరూ మద్యపాయి అయిపోరు. మేమనేది అది కాదు. మనిషి అంతరాత్మ ఒక కాపలాదారు వంటిది. వచ్చిన వాడిని అది పేరు అడుగుతుంది. దొంగ తన పేరే చెబితే కాపలాదారు తలుపు తెరవడు. 'స్నేహం', 'సరదా', 'కంపెనీ', 'సోషల్ డ్రింకింగ్' అని చెబితే తెరుస్తాడు. పాపం నోటిలోకి రావడానికి ముందు మాటలోకి వస్తుంది. మాటలో దానికి గౌరవం దొరికాక గ్లాసు వరకు వెళ్ళడానికి ఎంతో దూరం ఉండదు.

మద్యం వడ్డించే దస్తర్‌ఖాన్ వద్ద కూర్చోవడాన్ని సైతం దైవప్రవక్త(స) వారించారు (అబూదావూద్). తాగవద్దనడంతో ఆగకుండా అక్కడి పొత్తును కూడా వద్దన్నారంటే, మనిషి బలహీనత ఎక్కడ మొదలవుతుందో ఆయనకు తెలుసు. ఆఫీసు విందుకు వెళ్ళనంటే సహోద్యోగులు దూరమవుతారేమో, పదోన్నతి ఆగుతుందేమో అన్న భయం మన పిల్లలకు నిజంగానే ఉంటుంది. ఉపాధినిచ్చేవాడు అల్లాహ్ అన్న విశ్వాసానికి పరీక్ష అటువంటి సాయంత్రాలలోనే ఎదురవుతుంది.

సరైన పేరుకు ఎంత బలముందో మన తెలుగునేల చూసింది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న పేద మహిళలు, సారా తమ సంసారాలకు చేస్తున్నదేమిటో పాఠంలో చదివారు. చదివి ఊరుకోకుండా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించింది. చట్టం సడలవచ్చు. విశ్వాసి హృదయంలోని చట్టం సడలకూడదు.

పాపానికి పేరు, మనిషికి గౌరవం

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాపాన్ని దాని అసలు పేరుతో పిలవాలి. కానీ మనిషికి ఆ పాపాన్నే పేరుగా పెట్టకూడదు. మద్యం తాగి పదే పదే శిక్షకు గురైన ఒక వ్యక్తిని ఒకరు శపించగా, దైవప్రవక్త(స) వారించారు. అతను అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను ప్రేమిస్తున్నాడని సాక్ష్యమిచ్చారు (బుఖారీ). ఇంట్లో ఎవరైనా ఈ వ్యసనంలో పడితే 'తాగుబోతు' అని ముద్రవేసి వెలివేయడం వల్ల అతను సీసాకే మరింత దగ్గరవుతాడు. చేయి పట్టుకుని వైద్యుని వద్దకు, మస్జిదుకు తీసుకెళ్ళడం మన బాధ్యత.

అలాగే ఇతరుల మాటలను ఎంచేముందు మన మాటలనూ తూచుకుందాం. లంచాన్ని 'మామూలు' అంటున్నాం. కట్నాన్ని 'జోడే కీ రఖం' అంటున్నాం. వడ్డీని 'లాభం' అంటున్నాం. మద్యాన్ని 'మందు' అనేవారికీ మనకూ తేడా ఏమిటి?

కనుక తల్లిదండ్రులారా! ఈ మాటల అర్థం మీ పిల్లలకు భోజనాల దగ్గర కూర్చోబెట్టి విడమరచి చెప్పండి. మద్యాన్ని మద్యమనే పిలవండి. 'దావత్' అన్న పదానికి మీ ఇంట్లో దాని అసలు అర్థాన్ని తిరిగి ఇవ్వండి. పక్కింటివారిని, పేదలను పిలిచి హలాల్ అన్నం పెట్టండి.

మంచిని మంచిగా, చెడును చెడుగా చూసి, వాటిని వాటి పేర్లతోనే పిలిచే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.