సమాధి లేని దర్గా

హైదరాబాద్‌లోని మౌలాలి గుట్ట మీది దర్గాలో సమాధి లేదు. దర్గా అనగానే ఒక వలీ (పుణ్యపురుషుడి) గోరీ, దాని మీద చాదరు, పైన గుమ్మటం గుర్తొస్తాయి. ఇక్కడ జనం మెట్లెక్కి వెళ్లి దర్శించుకునేది ఒక రాయిని, దాని మీది చేతి గుర్తును. ఆ చెయ్యి హజ్రత్ అలీదని నమ్మకం. ప్రవక్త ముహమ్మద్‌కు అల్లుడు, నాలుగో ఖలీఫా అయిన అలీ 661లో కూఫా మసీదులో కత్తి వేటు తగిలి కన్నుమూశారు. ఆయన సమాధి ఇరాక్‌లోని నజఫ్‌లో ఉంది. దక్కను వైపు ఆయన ఎన్నడూ రాలేదు. రాని మనిషి సన్నిధి ఇక్కడ ఉందనడానికి సాక్ష్యం ఏమిటన్నది ఈ గుట్ట అడిగే ప్రశ్న.

భక్తులు చెప్పే సాక్ష్యం ఒక కల. గోల్కొండను ఇబ్రహీం కుతుబ్ షా ఏలుతున్న రోజులవి. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న రాజు ఈయనే. అద్దంకి గంగాధరుడు తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితమిచ్చిందీ ఈయనకే. ఆయన కొలువులో యాకూత్ అనే ఖోజా ఉండేవాడు. 1578లో జబ్బుపడి ఉన్నప్పుడు అతనికి కలలో ఆకుపచ్చ బట్టల మనిషి కనిపించి, మౌలా అలీ పిలుస్తున్నారని చెప్పి గుట్ట మీదికి తీసుకుపోయాడు. అక్కడ అలీ ఒక బండ మీద కుడిచెయ్యి ఆనించి కూర్చుని ఉన్నారు. తెల్లవారి యాకూత్ గుట్టెక్కి చూస్తే బండ మీద చేతి గుర్తు ఉంది. ఆ గుర్తున్న రాతిని తొలిచి తీసి, అక్కడే కట్టిన పెద్ద కమానులో నిలిపారు. కల వచ్చింది హిజ్రీ పంచాంగం ప్రకారం రజబ్ నెల 17న.

ఈ కథలో కల వచ్చింది రాజుకు కాదు, మతపండితుడికీ కాదు. అంతఃపురంలో ఊడిగం చేసే రోగికి. క్షేత్ర మాహాత్మ్యాలలో పుట్టలో దేవుణ్ని పశువుల కాపరి కనిపెట్టినట్టే ఇదీ. పెద్దలకు కనబడనిది చిన్నవాడికి కనబడటం మన నేల మీది కథలకు బాగా అలవాటైన దారి. ఇస్లాంలో కలకు విలువ లేకపోలేదు. మంచి కల ప్రవక్తృత్వంలో నలభై ఆరో వంతని చెప్పే హదీసు బుఖారీ సంకలనంలో ఉంది. అయితే కల కన్నవాడికే సాక్ష్యం. ఊరంతటికీ సాక్ష్యం కావాలంటే చేత్తో తాకి చూసే వస్తువొకటి ఉండాలి. ఆ పని రాయి చేసింది.

రాయి సాక్ష్యం చెబుతుందా అన్న వాదం ఇస్లాం తొలినాళ్లలోనే ఉంది. కాబాలోని నల్లరాతిని ముద్దుపెట్టుకుంటూ ఖలీఫా ఉమర్, అది మేలూ కీడూ చెయ్యలేని రాయేనని తనకు తెలుసునని, ప్రవక్త ముద్దుపెట్టుకోవడం తాను చూసినందుకే ఆ పని చేస్తున్నానని అన్నట్టు హదీసు. ఆ మాటకు అలీ అడ్డు చెప్పారని, తీర్పు రోజున ఆ రాయి భక్తుల తరఫున సాక్ష్యం పలుకుతుందని అన్నారని మరో కథనం. దాని ప్రామాణికతను పండితులంతా ఒప్పుకోరు. గుర్తులను ఆశ్రయించడం తౌహీద్‌కు, అంటే దేవుడొక్కడే అన్న సూత్రానికి, విరుద్ధమనేవారు ఉమర్ మాటను చూపుతారు. మౌలాలి మాత్రం అలీ పక్షాన నిలిచిన గుట్ట.

శరీరం లేనిచోట గుర్తును కొలవడం తెలుగు నేలకు కొత్తకాదు. అమరావతి శిల్పులు తొలిదశలో బుద్ధుణ్ని మనిషి రూపంలో చెక్కలేదు. పాదాల గుర్తులు, ఖాళీ ఆసనం చెక్కారు. తిరుమలలో నారాయణగిరి మీద శ్రీవారి పాదాలున్నాయి. పీర్ల పండుగకు ఊళ్లలో ఎత్తే పంజాలోని అయిదు వేళ్లు ప్రవక్త, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్‌లకు గుర్తు. పంజాకు మొక్కే రైతుకు మౌలాలి చెయ్యి పరాయిదిగా తోచదు. పేరు సంగతీ అంతే. మౌలా, అలీ అనే రెండు అరబ్బీ మాటలు తెలుగు నోట పడి, సవర్ణదీర్ఘ సంధి కుదిరినట్టు, మౌలాలి అయ్యాయి.

కట్టడంలో గుట్టే పెద్దభాగం. నున్నగా గుండ్రంగా పైకి లేచిన గ్రానైటు బండ. దాని ఒంటి మీద సుమారు అయిదు వందల మెట్లు. ఎక్కేటప్పుడు శిఖరం మీది కట్టడం కనబడుతూ, మెట్టు మలుపులో మరుగవుతూ ఉంటుంది. పైన లోపలి గోడలకు వేలాది అద్దపు ముక్కలు పొదిగారు. బయట ఎండకు కాలే మొద్దు బండ, లోపల ఒక్క దీపాన్ని వెయ్యిగా చూపే అద్దాలు: ఈ తేడాయే ఇక్కడి వాస్తు. చేతి గుర్తును కొండ నుంచి వేరుచేసి కమానులో పెట్టడంతో, ప్రకృతిలో దొరికినది మనిషి కట్టుకున్న గుడిలో భాగమైంది. ఆ గుంటను గాలివానలు చేశాయా, దైవం చేసిందా అన్న వాదం కమాను కట్టాక జనానికి అక్కరలేకపోయింది.

కుతుబ్ షాహీలు షియాలు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. తర్వాత వచ్చిన ఆసఫ్ జాహీలు సున్నీలు. అయినా దర్గా వెలవెలబోలేదు సరికదా, రెండో నిజాం అలీ ఖాన్ కాలానికి (1762–1803) ఇక్కడ ఏటా జరిగే ఉర్సు ఉత్సవం రాజధాని జాతరగా పెరిగింది. గుట్ట కింద ప్రభువులు తోటలు, విడుదులు కట్టుకున్నారు. కారణం మౌలా అనే మాటలోనే ఉంది. ఆ మాటకు షియాలు ప్రవక్త తర్వాతి నాయకుడని అర్థం చెబుతారు, సున్నీలు ఆప్తుడంటారు. సూఫీ గురుపరంపరలు చాలావరకు అలీ దగ్గరికే చేరతాయి. అర్థం దగ్గర విడిపోయినవాళ్లు మెట్ల దగ్గర కలిశారు.

కవయిత్రి, నర్తకి మహలఖా బాయి చందా (1768–1824) కథ కూడా ఈ గుట్టదే. ఆమె కడుపులో ఉండగా తల్లి రాజ్ కన్వర్ బాయికి ప్రమాదం తప్పింది మౌలా అలీ దయవల్లనేనని కుటుంబం నమ్మింది. 1792లో ఆమె గుట్ట పాదాన తల్లికి సమాధి, తోట, మసీదు, బావి కట్టించింది. తర్వాత తానూ ఆ తల్లి పక్కనే ఖననమైంది. 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధులతో ఆ తోటను బాగుచేశారు. అంటే మౌలాలిలో అసలు సమాధి చూడాలనుకునేవారు మెట్లు ఎక్కనక్కరలేదు. గుట్ట కిందే ఉంది.

ఉర్సు అంటే పెళ్లి. వలీ దేహం విడిచి దైవాన్ని చేరిన రోజు. మౌలాలిలో మాత్రం అది మరణదినం కాదు, యాకూత్ కల కన్న రజబ్ 17. చాంద్రమానం గనుక ఆ తేదీ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని రుతువుల్లోనూ వస్తుంది.