మనిషికి వెల కట్టేదెవరు?

బైబిల్లోని ప్రసంగి గ్రంథం రెండో అధ్యాయంలో ఒక రాజు తన సంపద చిట్టా విప్పుతాడు. ఇళ్ళు, తోటలు, చెరువులు, పశువుల మందలు. అదే వరసలో దాసులు, దాసీలు. చదివేవాళ్ళు మామూలుగా ఆ మాట దాటుకుని ముందుకెళ్ళిపోతారు. నాలుగో శతాబ్దంలో ఒకాయన మాత్రం అక్కడే ఆగిపోయాడు.

ఆయన పేరు గ్రెగొరీ. ఇప్పటి టర్కీలో ఉన్న కప్పదొకియ ప్రాంతంలో నిస్సా అనే చిన్న ఊరికి బిషప్పు. ప్రసంగి మీద ఆయన చేసిన ఎనిమిది ఉపన్యాసాల్లో నాలుగోది ఈ ఒక్క మాటనే పట్టుకుని నిలదీస్తుంది. ఎంత పెట్టి కొన్నావని అడుగుతాడు. దేవుడు మనిషికి పశువుల మీద అధికారమిచ్చాడు గానీ సాటి మనిషి మీద ఇవ్వలేదంటాడు. దేవుడి పోలికలో పుట్టి, భూమినంతా ఏలాల్సినవాణ్ణి అమ్మాలంటే వాడితో పాటు ఆ భూమినీ అమ్మాలి కదా, దానికి ఏ బజార్లో ధర కడతారు? పోనీ, కొనుగోలు పత్రం చేతికొచ్చాక యజమానికి కొత్తగా ఒరిగిందేమిటి? ఆయుష్షు పెరిగిందా, జబ్బు రాకుండా పోయిందా? చివరికి ఇద్దరూ మట్టిలోకే.

ఇదెంత కొత్త మాటో తెలియాలంటే చుట్టుపక్కల చూడాలి. కొందరు పుట్టుకతోనే బానిసలని అరిస్టాటిల్ వాదించాడు. బానిసలూ మనుషులేనని సెనెకా అన్నాడు, కానీ ఆయన కోరింది మంచి యజమానుల్ని. గ్రెగొరీ సొంత అన్న బాసిల్ కూడా ప్రకృతి సిద్ధంగా ఎవరూ బానిస కారంటూనే, కొందరికి ఇంకొకరి కింద ఉండటమే మేలని సర్దుకున్నాడు. గ్రెగొరీ తప్పుబట్టింది చెడ్డ యజమానిని కాదు, యజమాని అనే హోదానే.

కొన్ని దశాబ్దాల తర్వాత అగస్టీన్ ‘దైవనగరం’ 19వ భాగంలో ఇదే ప్రశ్న దగ్గరికొచ్చాడు. ఆయనకీ అదే బైబిలు, అదే దేవుడి పోలిక. మనిషి స్వభావతః బానిస కాడని ఆయనా ఒప్పుకున్నాడు. అయితే బానిసత్వం పాపానికి శిక్షగా వచ్చిందన్నాడు, కాబట్టి భరించమన్నాడు.

ఒకే నమ్మకం నుంచి రెండు వేరు నీతులు ఎలా వచ్చాయి? నాకు తోచింది ఇది. అగస్టీన్ వేసుకున్న ప్రశ్న, ఇది ఎలా వచ్చిందని. గ్రెగొరీ వేసిన ప్రశ్న, ఇక్కడ ఎవరు ఎవరిని అమ్ముతున్నారని. కారణం దొరికితే మనసు కుదుటపడుతుంది. వివరణ కాస్తా మెల్లగా సమర్థనగా మారిపోతుంది. రెండో ప్రశ్నకి ఆ సౌకర్యం లేదు, అది నేరుగా అమ్మేవాడి ముఖంలోకి చూస్తుంది.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మరి ఆయన పోలిక అన్న మాట తీసేస్తే ఈ వాదన నిలబడుతుందా? సగం నిలబడుతుందనే అనుకుంటాను. వెల కట్టేవాడు సరుకుకి బయట నిలబడాలి. మనిషికి వెల కట్టేవాడూ మనిషే, కాబట్టి తన మీదా అదే చీటీ అతికించుకోవాలి. ఇంతవరకూ దేవుడితో పని లేదు. కానీ ‘అయితే అందరికీ ధర ఉంటుంది’ అని ఎవడైనా తెగించి ఒప్పుకుంటే? అక్కడ గ్రెగొరీ దగ్గర జవాబుంది, నా దగ్గర పట్టుదల మాత్రమే ఉంది. 1785లో కాంట్ ధరనీ గౌరవాన్నీ విడదీసినప్పుడు, దేవుడి చోట మనిషి వివేకాన్ని నిలబెట్టి ఆ ఖాళీ పూడ్చాలని చూశాడు. అది పూర్తిగా పూడిందని నాకనిపించదు.

మా సాఫ్ట్‌వేర్ కొలువుల్లో మనుషుల్ని ‘రిసోర్సులు’ అంటాం. ఫలానా ప్రాజెక్టుకి ఇద్దరు రిసోర్సులు, గంటకి ఇంత రేటు. ఇది బానిసత్వం కాదు. అమ్ముకునేది గంటల్ని, మానేసే హక్కు మన దగ్గరే ఉంది. కానీ మనిషినీ సర్వర్‌నీ ఎక్సెల్ షీట్లో ఒకే కాలమ్‌లో చూసినప్పుడు ఆ రాజుగారి చిట్టా గుర్తొస్తుంది.

గ్రెగొరీ ఉపన్యాసం వల్ల ఏ చట్టమూ మారలేదు. ఆ తర్వాత వెయ్యేళ్ళకి పైగా క్రైస్తవ రాజ్యాల్లోనే మనుషుల్ని అమ్ముకున్నారు. అలాగని అది వ్యర్థమని కొట్టిపారేయలేను. ఆ కాలంలో అందరూ అలాగే ఆలోచించారులే అని చరిత్రకి మనమిచ్చే మినహాయింపు, ఆ ఒక్క ఉపన్యాసం వల్ల చెల్లకుండా పోయింది. రేపు మన గురించీ అదే మాట అంటారేమో. ఇప్పుడు మన మధ్య ఏ వాక్యం దగ్గర ఎవరు ఆగుతున్నారో కాస్త వినడం మంచిది.