దుఃఖపు ఇంట అల్లెలూయ



పాస్కా కాలంలో ఎవరైనా మరణించినప్పుడు గాయకులకు ఒక సందేహం కలుగుతుంటుంది. శవపేటిక ఎదుటనుండగా సువిశేష పఠనానికి ముందు "అల్లెలూయ" పాడవచ్చునా? అది జయధ్వని, ఆనందధ్వని గదా! కన్నవారు గుండెలు బాదుకొనే చోట ఎబ్బెట్టుగా ఉండదా?

హెబ్రీ భాషలో "హల్లెలు" అంటే "మీరు స్తుతించండి", "యా" అంటే యావే. గ్రీకు, లత్తీను భాషల మీదుగా రావడంచేత మన నోట 'హ'కారం జారిపోయింది. ప్రొటెస్టెంటు సోదరులు "హల్లెలూయ" అనే అంటారు. మాట ఒక్కటే. అందులో జయమనే అర్థం గాని, సంతోషమనే అర్థం గాని అక్షరాలా లేదు. పాడిన సందర్భాలను బట్టి ఆ అర్థం దానికి అంటుకొన్నది. దర్శన గ్రంథం 19వ అధ్యాయంలో బబులోను కూలినప్పుడు పరలోకంలో అది నాలుగుసార్లు వినబడుతుంది. క్రొత్త నిబంధనలో మరెక్కడా లేదు.

యూదులు పాస్కా రాత్రి 113 నుండి 118 వరకు గల కీర్తనలు పాడతారు. ఐగుప్తు దాస్యం నుండి విడిపించిన దేవునికి స్తుతి అది. కడరా భోజనం ముగిశాక యేసు, శిష్యులు కీర్తన పాడి ఓలివు కొండకు వెళ్ళారని మత్తయి 26:30లో చదువుతాము. అది ఈ కీర్తనలలోనిదేనని వ్యాఖ్యాతలు చెబుతారు. అంటే ప్రభువు ఈ స్తుతి పాడినది సమాధి తెరచుకొన్న ఉదయాన కాదు. గెత్సేమనిలో చెమటోడ్చడానికి ముందు. జయం ఇంకా కంటికి కనబడలేదు.

పూర్వం లత్తీను మృతుల పూజలో అల్లెలూయ ఉండేది కాదు. 1969లో వెలువడిన అంత్యక్రియల క్రమం పునరుత్థాన నిరీక్షణకు పెద్దపీట వేసింది. తపస్సుకాలంలో తప్ప మిగతా రోజులలో పాడవచ్చును. తపస్సుకాలమంతా ఈ మాటను దాచిపెట్టి, పాస్కా జాగరణలో ముమ్మారు ఆలపించే శ్రీసభకు దాని విలువ తెలుసు. ప్రసంగంలో మాట తడబడినప్పుడెల్లా మైకులో అల్లెలూయ చెప్పించడం మాత్రం నాకు మింగుడుపడదు.

కనుక పాడండి. డోలక్కు, తాళాలు ప్రక్కనబెట్టి మెల్లగా పాడండి. ఏడ్చే తల్లి పెదవి కదపలేకపోతే బలవంతపెట్టవద్దు. "స్తుతించండి" అన్నది బహువచనం. ఆ పూటకు ఆమె వంతు కూడా విచారణవారే పాడతారు.