చిత్తవ్యాధియు దాంపత్యధర్మమును

భార్యయో భర్తయో చిత్తవ్యాధిచే పీడింపబడుచున్నప్పుడు రెండవవారు విడిచిపోరాదని మనము సులభముగా చెప్పుదుము. విడువకుండుట యొక్కటియే ధర్మమైనచో ఈ వ్యాసముతో పనిలేదు. ప్రక్కనే యుండి, ప్రేమించుచునే, అన్యాయము చేయుట సంభవించునా యనునదే నన్ను బాధించుచున్న ప్రశ్న.

ఉదయగిరి ప్రాంతపు ఉపాధ్యాయుడొకరు ఆత్మకూరులో నాయొద్దకు వచ్చిరి. ఆయన భార్యకు ఆరేండ్లుగా ఎవరికిని వినబడని మాటలు వినబడుచుండెను. అన్నములో ఎవరో విషము కలుపుచున్నారని భయము. విడాకులు తీసికొమ్మని బంధువులు తొందరపెట్టుచుండిరి.

చట్టము చెప్పితిని. 1955 నాటి హిందూ వివాహ చట్టమున చిత్తవ్యాధి విడాకులకు ఒక కారణమే. అయినను వ్యాధిపేరు చెప్పినంత మాత్రమున విడాకులు రావు. కలిసి కాపురము చేయుమని న్యాయముగా అడుగరానంత తీవ్రత రుజువు కావలెను. మన తెలుగునాటినుండియే పోయిన యొక వ్యాజ్యములో, వైద్యుడగు భర్త తన భార్యకు స్కిజోఫ్రెనియా యని విడాకులు కోరగా, 2013లో సుప్రీంకోర్టు నిరాకరించినది. ఆమెయు వైద్యురాలే, చదువు ముగించి ప్రభుత్వోద్యోగము చేయుచుండినది. వ్యాధిపేరునకంటె మనిషి నడవడికి న్యాయస్థానము ఎక్కువ విలువ నిచ్చెను.

ఆయన విని కొంతసేపు ఊరకుండి, "అయ్యా, విడాకులు నాకక్కరలేదు. ఆమె మాత్రలు మ్రింగదు. రెండేండ్లనుండి నూరి మజ్జిగలో కలిపి యిచ్చుచున్నాను. కొంత నెమ్మదించినది. నేను చేయునది తప్పా?" అని యడిగిరి.

నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. అంతకుముందు ఆమెను అనుమసముద్రముపేట దర్గాకు తీసికొనిపోయి కొన్నాళ్లు అచ్చటనే యుండిరట. హిందువులు, మహమ్మదీయులు అను భేదము లేక మన పల్లెలవారు ఇట్టి రోగులను అచ్చటికి తీసికొనిపోవుట అందరెరిగినదే. చదువుకొన్న మనము నవ్వుదుము. ఉదయగిరినుండి నెల్లూరికి సుమారు 100 కిలోమీటర్లు. రోగిని బస్సులో ఎక్కించుకొని యొకసారి పోయివచ్చినవాడు నవ్వడు.

నవ్వవలసినది కాదు గాని, భయపడవలసినది యొకటి కలదు. 2001 ఆగస్టు 6వ తేదీని తమిళనాట ఏర్వాడిలో, దర్గా సమీపమున రోగులనుంచు పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడియున్నవారు పారిపోలేక 28 మంది మరణించిరి. అట్టివారిని అచ్చట విడిచిపెట్టినది తరచుగా ఆప్తులే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని ఏ విధముగను గొలుసులతో బంధింపరాదని నిషేధించినది. మజ్జిగలోని మాత్రయు ఆ గొలుసునకు దూరపు చుట్టమేమో యని నా శంక.

మందు మేలు చేయుట లేదా యందురు. చేయుచున్నది. కాని ఆ మందులవలన చేతులు వణకుట, ఒడలు బిగియుట, మగత కలుగవచ్చును. తాను మందే తినలేదని తలచుచున్న ఆమె దీనిని దేనికి ఆరోపించును? ఎవరో ఏదో కలుపుచున్నారని గదా! అప్పుడామె అనుమానము భ్రాంతి కాదు, అక్షరాల నిజము. లోకమంతయు తనను మోసగించుచున్నదని యేడ్చునామెను, నమ్మదగిన యొక్కడును మోసగించుచున్నాడు. పైగా కొన్ని మందులకు నియమముగా రక్తపరీక్షలు కావలెను. లిథియము తినువారికి మన వేసవిలో ఒంటినీరు తగ్గినచో మందే విషమగును. తెలియనివారు తమ్మును తాము కాపాడుకొనుటెట్లు?

ఆమెకు తెలివి తప్పి, తనకో ఇతరులకో ప్రాణాపాయము సంభవించినప్పుడు ఆమె యనుమతికై కూర్చుండుమని నేననను. అట్టి సమయమున చికిత్సకు చట్టమే దారి చూపినది. కాని ఆ గడియకు చెల్లు న్యాయమును రెండేండ్ల కాపురమునకు సాగదీయరాదు. తెలిసికొని నిర్ణయింపగలిగినంతవరకు తన చికిత్సను గూర్చి మాట చెప్పు హక్కు ఆమెదే.

ఆయనను నేను నిందింపలేదు. రాత్రులు నిద్రలేక, ఉదయమున బడికి పోయి, ఇంటికి వచ్చి వండి పెట్టు మనిషిని నిందించుటకు మనమెవరము? అట్టివారిని మన సభలలో మెచ్చుకొందుము. ఒకపూట పోయి రోగియొద్ద కూర్చుండి వారిని నిద్రపొమ్మనము. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ వారి 14416 సంఖ్యకు రోగి మాత్రమే కాదు, సంరక్షకుడును పిలువవచ్చునని చెప్పి పంపితిని.

వైద్యుని సలహాతో, ఆమె నెమ్మదిగా నున్న దినమున ఆయన నిజము చెప్పిరి. ఆమె రెండు దినములు ఆ యింట అన్నము ముట్టలేదట. ఇది నేను దాచరాదు. పిమ్మట మందు మార్పించుకొని తానే తీసికొన నారంభించినది. నడుమనడుమ మానుచుండుటయు కలదు.

కొన్ని నెలలకు ఇరువురును నాయొద్దకు వచ్చిరి. వ్యాధి ముదిరినప్పుడు తన తరఫున నిలుచు ప్రతినిధిని తెల్లకాగితముపై వ్రాసి నియమించుకొను హక్కు ఆ చట్టమున కలదని చెప్పితిని. ఆమె చాలసేపు ఆలోచించి తన చెల్లెలి పేరు వ్రాయించినది. ఆయన మొగము చిన్నబోయెను. కాగితము ఆమె ముందుంచితిని. ఆమె సంతకము చేసినది.