అడిగేవారు

సూరత్ నగరంలో మరమగ్గాలు రాత్రింబవళ్ళు నడుస్తాయి. 12 గంటల షిఫ్టులు రెండు. గంజాం జిల్లా నుండి వచ్చిన ఒడియా కార్మికులు ఉండే మెస్సులలో, ఒకరు పనికి లేచి వెళ్ళిన చోటనే మరొకరు నడుము వాలుస్తారు. తెలంగాణ నుండి వెళ్ళిన పద్మశాలీలు తరాలు గడచి లింబాయత్ వంటి పేటలలో కుటుంబాలతో స్థిరపడినారు. ఒంటరిగా వచ్చినవాని సంగతి వేరు. అతడు ఒకనాడు షిఫ్టుకు రాకపోతే, ఊరికి పోయి ఉంటాడని తోటివారు అనుకుంటారు. సాధారణంగా అది నిజమే అవుతుంది.

వరుస హత్యలకు ఆసరా ఇచ్చేది ఇట్టి నిర్దోషమైన ఊహయే.

ఈ హత్యలపై వచ్చిన రచనలలో అధికభాగం హంతకుని మనస్సును శోధిస్తాయి. టెడ్ బండీ, జెఫ్రీ డామర్ అనే అమెరికన్ల పేర్లు సముద్రాలు దాటి వచ్చినవి; వారి చేతిలో మరణించిన ఒక్కరి పేరైనా చెప్పగలవారు అరుదు. అతడు ఎందుకు చంపాడన్న ప్రశ్న మనకు సుఖంగా ఉంటుంది, మనం అందులో లేము గనుక. రెండవ హత్యకు వీలు ఎట్లా కలిగిందన్నది అట్టిది కాదు. 2003లో 48 హత్యలను అంగీకరించిన గ్యారీ రిడ్జ్‌వే, తాను వేశ్యలను ఎంచుకొన్నది వారు కనబడకపోయినా వెంటనే ఎవరూ ఫిర్యాదు చేయరనే అన్నాడు.

అడిగినంత మాత్రాన సరిపోతుందా? 1991 మే నెలలో మిల్వాకీ నగరంలో, లావోస్ నుండి వలస వచ్చిన కుటుంబానికి చెందిన 14 ఏళ్ళ బాలుడు డామర్ ఇంటినుండి తప్పించుకొని వీధిన పడ్డాడు. ఇరుగుపొరుగు నల్లజాతి స్త్రీలు అడ్డుపడినారు. పోలీసులు డామర్ మాట నమ్మి బాలుని అతనికే అప్పగించినారు. ఒక ఇల్లాలు తరువాత ఫోనుచేసి మళ్ళీ అడిగింది. ఫలితం లేదు. ఆ బాలుని తరువాత మరి నలుగురు చనిపోయినారు.

సూరత్‌కు నేతగాండ్రను పంపిన వరంగల్లుకే బెంగాలునుండి ఒక కుటుంబం బ్రతుకుతెరువుకు వచ్చింది. 2020 మేలో గొర్రెకుంటలోని గోనెసంచుల కార్ఖానా పక్క బావిలో 9 శవాలు తేలినవి. లాక్‌డౌన్ బాధకు తాళలేని ఆత్మహత్యలని తొలుత అనుకొన్నారు. మళ్ళీ అదే, అనుకోవడం. దర్యాప్తులో తేలినది వేరు. ఆ ఇంటి బంధువైన స్త్రీని ఆమెతో ఉంటున్నవాడే మార్చిలో రైలు ప్రయాణంలో చంపినాడు. బెంగాలు వెళ్ళిందని చెప్పినాడు. ఇంటి ఇల్లాలు నమ్మలేదు. మళ్ళీ మళ్ళీ అడిగింది, పోలీసులకు చెప్తానన్నది. అతడు భోజనంలో నిద్రమాత్రలు కలిపి, ఆ కుటుంబంలో 6గురినీ, అక్కడే ఉన్న మరి ముగ్గురు కార్మికులనూ బావిలో పడవేసినాడు. అక్టోబరులో వరంగల్లు న్యాయస్థానం అతనికి మరణశిక్ష విధించింది.

ఆమె తన ధర్మమే చేసింది. దోషమల్లా, అడగవలసిన భారం ఆమె ఒక్కదానిపై పడటమే.

వలస కార్మికునికి ఫోటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కంట్రాక్టరును ఆదేశించింది. ప్రమాదంలో మరణిస్తే బంధువులకు తెలపాలన్నది. సూరత్ మెస్సులో షిఫ్టుకు రానివాడు ప్రమాదంలో పడినవానిగా లెక్కకు రాడు. అతని చోటు ఆ రాత్రికే మరొకరిది అవుతుంది.