చౌక ఎవరికి?

వస్తువు సహజమైనది కావాలి, చౌకగానూ దొరకాలి. ఒంటి సబ్బు నుంచి నేల తుడిచే మందు దాకా కొన్నేళ్లుగా ఈ రెండు షరతులతోనే వెతుకుతున్నాను. మొదటిదానికి కారణం అడిగితే చెప్పగలను. పిల్లకు చర్మం ఊరికే పొక్కుతుంది, ఘాటు వాసనలు నాకు పడవు, మా స్నానాల గది నుంచి పోయే నీళ్లు చివరికి ఏ చెరువులో కలుస్తాయోనన్న దిగులు ఉంది. రెండో షరతు గురించి మాత్రం నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. నెల జీతంతో నడిచే ఇంట్లో చౌక కావాలనుకోవడానికి సంజాయిషీ ఎందుకు? ఇప్పుడు ఇవ్వాలనే అనిపిస్తోంది. నాకు తగ్గిన ఖర్చు ఎక్కడికీ మాయమైపోదు. దాన్ని ఇంకెవరో మోస్తారు.

కుంకుడుకాయల విషయంలో ఇది బాగా కనిపిస్తుంది. కాయ తొక్కలో సాపోనిన్లు ఉంటాయి. నురగ వచ్చేదీ జిడ్డు వదిలేదీ వాటివల్లే. తలకే కాదు, పట్టుచీరలకూ బంగారు నగలకూ మన ఇళ్లలో అదే వాడేవారు. ఇంతవరకూ చెట్టు ఇచ్చింది. మిగిలిందంతా చాకిరీ. కాయలు కొట్టాలి, గింజలు ఏరెయ్యాలి, తొక్కలు వేడినీళ్లలో నానెయ్యాలి, పిసకాలి, వడగట్టాలి. జుట్టు మెత్తగా ఉండాలంటే మందారాకు కోసుకొచ్చి నూరాలి. ఆదివారం తలంటంటే మా అమ్మకు పొద్దంతా అదే పని. కళ్లు మండుతున్నాయని మేం ఏడిస్తే నోట్లో ఉప్పురాయి వేసి ఊరుకోబెట్టేది. అందరి తలలూ అయ్యాక, మిగిలిన పలచటి రసంతో తను పోసుకునేది. దీనికి పైసా ఖర్చు లేదని ఇంట్లో అందరూ గొప్పగా చెప్పేవాళ్లు. అమ్మ చేతులకు ఎవరూ కూలి కట్టలేదు కనుక ఆ మాట నిజమైంది. 1980ల్లో చిన్న షాంపూ ప్యాకెట్లు ఊరి కొట్లలో దండల్లా వేలాడటం మొదలుపెట్టాక అమ్మ ఏ సంకోచమూ లేకుండా వాటికి మారిపోయింది. మన అలవాట్లు పోతున్నాయని ఈ మధ్యదాకా నేను నొచ్చుకునేదాన్ని. ఆ ప్యాకెట్టుతో ఆమె కొనుక్కున్నది తన ఆదివారాన్ని. దాన్ని వెనక్కి ఇచ్చెయ్యమని అడిగే హక్కు నాకెక్కడిది?

అయితే ఆ చాకిరీ ఇప్పుడు ఎవరు చేయాలి? సీసాలో పోసి అమ్మితే కొనుక్కుంటాను అన్నది నా మొదటి జవాబు. కానీ తీసిన కుంకుడు రసం ఒకటి రెండు రోజుల్లో పులిసిపోతుంది. నెలల తరబడి అల్మరాలో ఉండాలంటే చెడిపోకుండా ఏదో ఒకటి కలపాల్సిందే. ఏమీ కలపకూడదు, ఏడాది నిలవుండాలి, ధర తక్కువుండాలి అని మూడూ ఒకే సీసాను అడుగుతున్నాను. ఏ తయారీదారుకైనా ఈ మూడింటిలో ఒకదాని దగ్గర నాకు నిజం దాచక తప్పని స్థితి తెస్తున్నది నా కోరికే. సహజం, సేంద్రియం వంటి మాటలను ఆధారం చూపకుండా వాడకూడదని 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. చాలా మంచి పని. నా కోరికను సరిచేయడం మాత్రం నా పనే.

ఇంకొంచెం వెనక్కి, చెట్టు దగ్గరికి వెళ్తే అక్కడా చేతులే. మా విశాఖ వైపు కుంకుళ్లు, శీకాయ, చింతపండు, కొండచీపుర్లు ఏజెన్సీ నుంచి వస్తాయి. ఏరేదీ ఎండబెట్టేదీ సంతకు మోసేదీ గిరిజన కుటుంబాలు, అందులోనూ ఆడవాళ్లు ఎక్కువ. షావుకార్లూ దళారులూ తూకంలో, ధరలో చేసే మోసం నుంచి వాళ్లను కాపాడటానికే విశాఖపట్నం కేంద్రంగా 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద వాళ్లకు యాజమాన్య హక్కు ఇచ్చింది. ఇదంతా తెలిసి కూడా బజారులో కుంకుళ్లు బేరమాడుతున్నప్పుడు నా మనసులో వాటిని ఏరిన మనిషి ఉండదు. ‘అడవిలో ఊరికే దొరికేవే కదా’ అన్న మాట నోటిదాకా వస్తుంది. అమ్మ పనికి కూలి కట్టని లెక్కే ఇక్కడా నాలో పనిచేస్తోంది. ఈ పోలిక నన్ను చాలా బాధపెట్టింది.

సున్నిపిండి దగ్గర నాకు కనిపించింది వేరే విషయం. పెసలు, బియ్యం, గంధకచ్చూరాలు, ఎండిన కమలాతొక్కలు, కాస్త పసుపు కలిపి మర పట్టిస్తే నెలలపాటు వస్తుంది, చవకే. నలుగు పెడితే ఒళ్లు నిజంగానే నునుపుగా ఉంటుంది. కానీ చిన్నప్పుడు నాకు దాన్ని రుద్దింది నునుపు కోసం కాదు, రంగు తేలాలని. నేను చామనఛాయ కంటే ఒక పిసరు నలుపు. మా అమ్మాయికి మొదటిసారి నలుగు పెడుతున్నప్పుడు నా చేతుల్లోనూ ఆ ఆశ మెదిలింది. పిండిలో ఉన్నవన్నీ సహజమైనవే, పిల్ల ఒంటి రంగు మాత్రం మార్చాల్సినదా? ఆ రోజు నుంచి నలుగు పెడుతూ రంగు మాట ఎత్తను, పెద్దవాళ్లనూ ఎత్తనివ్వను.

మిగతా వస్తువుల దగ్గర పెద్ద చిక్కు లేదు. రాగి, ఇత్తడి సామాన్లకు పులుసు పిండేసిన చింతపండు పిప్పి, కాస్త ఉప్పు చాలు. సబ్బు కొనేటప్పుడు అట్ట మీది ఆకుల బొమ్మ చూడటం మానేసి వెనకవైపు టీఎఫ్ఎం చూస్తున్నాను. సబ్బులో కొవ్వు పదార్థం ఎంత ఉందో చెప్పే అంకె అది. మొదటి శ్రేణి టాయ్‌లెట్ సబ్బుకు కనీసం 76 శాతం ఉండాలి. బాతింగ్ బార్ అని రాసి ఉంటే దాని ప్రమాణం వేరు, 40 శాతం ఉన్నా సరిపోతుంది. ఏ సువాసనా లేని మామూలు మొదటి శ్రేణి సబ్బే మా పిల్లకు పడింది. సహజమన్న పేరుతో ఘాటైన సుగంధ తైలాలు కలిపినవి పడలేదు.

ఇప్పుడు మా ఇంట్లో కుంకుళ్లు కాయలుగానే కొంటున్నాం, పొడిగానో సీసాగానో కాదు. ప్యాకింగుకూ ప్రకటనకూ పోయే డబ్బు మిగులుతుంది కనుక ఏరినవాళ్ల దగ్గర, సహకార సంస్థ దుకాణంలో గీచి గీచి బేరమాడాల్సిన పని లేదు. కొట్టి గింజలు తీసేది మా ఆయన, శనివారం రాత్రి నానేసేది అమ్మాయి, పిసికి వడగట్టేది నేను. కుదరని వారం షాంపూ వాడతాం. ఈ ఏర్పాటు చెప్పినప్పుడు అమ్మ అడిగింది ఒక్కటే: ‘ముందు ఎవరు పోసుకుంటున్నారే?’ వంతులేసుకున్నామని చెప్పాను.